ఆసుపత్రికి వెళ్లని అమ్మ

హలో… ఆ, నేనేనే, మీ అమ్మని. నువ్వు పంపిన పిల్లల పుస్తకం పేజీలు ఫోన్లో వచ్చాయి. మీ నాన్న గట్టిగా చదివారు, నేను బఠాణీలు ఒలుస్తూ విన్నాను.

…బాగుంది… బాగుందన్నాను కదా, ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావు? ఒక్కటి అడుగుతాను. కథలో అమ్మ నేనే కదా?… మరి నన్నెప్పుడు ఆసుపత్రికి పంపావు?

— ఆ, చివరి పేజీలోనే. పొద్దున్నే వెళ్లిన అమ్మ, జబ్బుపడ్డ పెద్దమ్మని చూసుకుని చీకటిపడ్డాక వచ్చిందట. ఏ పెద్దమ్మే?… నాకు అక్కల్లేరు, మీ నాన్నకి అన్నల్లేరు. లేని మనిషిని పుట్టించడమే కాక జబ్బు కూడా చేయించావు, పాపం!

…ఓహో. ఎడిటర్ గారు పెట్టమన్నారా?… స్కూలు లైబ్రరీలకి పుస్తకాలు కొనే కమిటీ ఒప్పుకోదనా?… కారణం లేకుండా అమ్మ ఇల్లు వదిలి వెళ్లకూడదా? అబ్బో! సెలవు చీటీ రాసిచ్చి వెళ్లాలి కాబోలు.

అది సరే, ఆ రోజు మీ నాన్న అన్నం మాడ్చింది ఏదే? మొదట రాసినదాంట్లో ఉందిగా… అదీ కొట్టేశారా? నాన్నల్ని చులకన చేసినట్టుంటుందనా?… అదీ సంగతి! ఇప్పుడు కథలో మహా వంటగాడు. ఇందాకట్నుంచీ మీసం దువ్వుకుంటున్నారు.

— నవ్వకు. నవ్వి తప్పించుకోవడం నీకు చిన్నప్పట్నుంచీ అలవాటే. ఇంతకీ, ఒప్పేసుకున్నావా?… సాయంత్రంలోగా చెప్పాలా… కాదంటే?

…అచ్చే వెయ్యరా.

…ఊఁ. తెలుసులే. మొదటి పుస్తకం. ఎంత కష్టపడ్డావో చూశాను కదా…

నాకోసం కూడానా? నన్నెవరైనా ఏమైనా అనుకుంటారనా? ఓసి పిచ్చిదానా, అనుకోవలసినవాళ్లంతా ఎప్పుడో అనుకున్నారు. మీ అత్తయితే ఇంకా అనుకుంటూనే ఉంది.

ఉండు, బాల్కనీలోకి వస్తున్నా. మీ నాన్న పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నారు… ఆ, చెప్పు.

…నీ చిన్నప్పుడు ఆ రోజు నిజంగా ఎక్కడికెళ్లానా? చెప్పను. ఇన్నేళ్లూ ఆయనకే చెప్పలేదు, నీకు చెబితే రేపు అచ్చులో వస్తుంది.

…

…ఏమన్నావు?… మళ్లీ అను.

…

అవును. తిరిగి రాకూడదనే వెళ్లాను.

— లేదు లేదు, మీ నాన్న ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. విసుగొచ్చింది. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాను. హాయిగానే ఉంది, అబద్ధమెందుకు? సాయంత్రమయ్యేసరికి, రేపు బడికి నీ జడ ఎవరేస్తారా అనిపించింది. నామీద నాకే కోపం వచ్చింది. వచ్చేశాను.

…ఎవరూ రమ్మనలేదే. నా అంతట నేనే వచ్చాను. ఆసుపత్రికెళ్లిన మనిషి పని కాగానే ఎలాగూ ఇంటికొస్తుంది, అందులో గొప్పేముంది? నేనైతే నువ్వు కావాలని వచ్చాను. నువ్వు కొట్టేసింది అదే.

…ఏమే… ఉన్నావా?

ఏడవకు. నీ పుస్తకం, నీ ఇష్టం. పెద్దమ్మని ఉంచినా నేనేమీ అనుకోను… ఆ?… ఇప్పుడే తీసేస్తావా? మరి అచ్చు వెయ్యం పొమ్మంటే?

…సరే. ఏమని రాస్తావు?

…ఊఁ… ఇంకోసారి చదువు… "అమ్మ వెళ్లింది. అమ్మ వచ్చింది." అంతేనా?

…

చాలే. నాకది చాలు. ఫోన్ పెట్టెయ్ మరి, ఆ ఎడిటర్ గారికి చెయ్యి.