రెండు విజిళ్ళు

అక్క కాబట్టి తలుపు తీసింది, నువ్వైతే తీసేవాడివి కాదు కదూ బావా? సరే, ఆ గోడ వైపే చూడు. ఐదు రోజులైంది, ఒక్కసారైనా ఫోనెత్తావా? నేనేం పరాయివాణ్ణా? నువ్వు స్టీరింగు, నేను టికెట్లు, ఇరవై రెండేళ్ళు ఒకే బస్సులో తిరిగాం!

వీధంతా ఏమంటోందో విన్నావా? "లేని విజిల్ విన్నాడట, పసిదాని మీదికి బస్సు పోనిచ్చాడట" అంటున్నారు. మీ కొత్త కండక్టరమ్మాయి ఎంక్వయిరీలో ఏడ్చేసిందట, "నేను విజిల్ వెయ్యలేదు సార్" అని. పాపం, నిజమే చెప్పింది. రెండు విన్నానని నువ్వూ నిజమే చెప్పావు. రేపు మళ్ళీ పిలిచారటగా? ఉద్యోగం ఊడటంతో పోతుందా, జైలు దాకా వెళ్తుందా? అక్క మొహం చూడలేకపోతున్నాను.

అసలు నన్నెవడు వెళ్ళమన్నాడు చెప్పు! రిటైరై ఇంట్లో ఈగలు తోలుకుంటుంటే స్కూలు హెడ్మిస్ట్రెస్ పిలిచింది. పిల్లలు నడిచి రావాలట, సైకిళ్ళ మీద రావాలట. గేటు ముందు కార్లు తగ్గాలట. "రోడ్డు దాటించడానికి నమ్మకమైన మనిషి కావాలండీ" అంది. నమ్మకమైన మనిషి! బళ్ళని ఆపే ఎర్ర బోర్డు ఆవిడిచ్చింది. విజిల్ మాత్రం నా పాతదే.

ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగేశాను బావా. బెల్లు పిల్ల తల్లి మాత్రం ససేమిరా అంది. అదే, ఆ పసుపు సైకిలు పిల్ల, సందు మొదట్నించే ట్రింగు ట్రింగుమంటూ వచ్చేది. "ఆ రోడ్డు మీదా? వద్దు బాబాయ్ గారూ" అంది తల్లి. "నేనున్నాగా అమ్మా" అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో!

పిల్లలకేం నేర్పాను? ఒక విజిల్ అయితే ఆగాలి. రెండైతే రైట్ రైట్, కదలాలి. నాకొచ్చింది అదే కదా! నీ బస్సు ఆగేది పిల్లలు దాటే ఆ తెల్ల గీతల పక్కనేనని, నీ చెవికీ రెండంటే కదలమనేనని తట్టలేదు. కండక్టరుకే తట్టలేదంటే ఎవడు నమ్ముతాడు?

పోయిన వారం సోమవారం తట్టింది. పిల్లలింకా రోడ్డు అంచు మీదే ఉన్నారు. నేను రెండు ఊదగానే నీ బస్సు అడుగు ముందుకు జరిగి గక్కున ఆగింది. నువ్వు అద్దంలోకి చూశావు. అప్పుడే నా గుండె జారిపోవాలి కదా? నవ్వొచ్చింది బావా. రిటైరైనా బస్సింకా నా మాట వింటోందని ఛాతీ పొంగింది.

ఇంకోటి అడుగుతాను, గోడ వైపే తిరిగి విను. ఆ విజిల్ నాదని నీకు తెలీదూ? లోపలి గోళీ అరిగి గరగరమంటుంది, వెయ్యి విజిళ్ళలోనైనా పోల్చుకుంటావు. మరి ఎంక్వయిరీలో నా మాటెందుకు ఎత్తలేదు?

బావమరిది పొరపాటున ఊదాడులే అనుకున్నావు. కాపాడావు. అంతేనా?

పొరపాటు కాదు బావా.

గురువారం నువ్వొచ్చి ఆగినప్పుడు దాటాల్సిన పిల్లలెవరూ లేరక్కడ. రోడ్డు ఖాళీ. మళ్ళీ కదులుతావా లేదా చూద్దామని, సరదాకి, రెండు ఊదాను. సందులోంచి వస్తున్న బెల్లు పిల్ల అది విని ఇక ఆగలేదు. నీకు కనపడేంత ఎత్తు కూడా లేదు. బస్సు నా మాట వింది. పిల్లా నా మాటే వింది.

మళ్ళీ నడుస్తుందో లేదో డాక్టరు చెప్పడం లేదు.

ఇవాళ పొద్దున మళ్ళీ అందరూ కార్లలోనే దిగారు. ఇద్దరే నడిచొచ్చారు. అంచు మీద నిలబడి నా నోటి వంకే చూశారు. అప్పుడు రోడ్డు మీద బండి అన్నది లేదు, అయినా కదల్లేదు. అలా నేర్పింది నేనేగా? విజిల్ నోటి దాకా రాలేదు నాకు. చేతులు పట్టుకుని దాటించాను.

రేపు నీకంటే ముందు నేను వెళ్తాను ఎంక్వయిరీకి. అక్కకి నువ్వే చెప్పు, నా వల్ల కాదు. ఆ పిల్ల తల్లికంటావా? ఇంకెవరు చెప్తారు! నేనున్నాగా అన్నది నేనేగా.