దూడలు తాగిన పాలపొడి

చౌడేపల్లె బాల్వాడీకి తాళం వేసి ఉంది. చంటిబిడ్డతో చిన్నామె, పక్కింటి పెద్దామె మెట్ల మీద కూలబడ్డారు.

“అమెరికావాళ్ల పాలపొడి ఈసారీ రాలేదంటక్కా.”

“రాకేమమ్మా! మనూరి ప్రెసిడెంటు దూడలు తాగతాండాయి. వాని ఆవుపాలన్నీ డెయిరీకి పోతాండాయి.”

“అయ్యో! అడిగేవాళ్లే లేరా?”

“రేడియో యినలేదా? ఫిలిప్పీన్స్‌లో జనం ట్యాంకులకడ్డం కూసుంటే ఆడ ఏలే దొర పారిపోయినాడంట. వాన్నీ ఇన్నాళ్లు అమెరికానే మేపిందంట.”

“మనూళ్లో ట్యాంకు యాడుండాదిలే!”

“డెయిరీ పాలబండి ఉండాది గదా. రేపు పొద్దున్నే అడ్డం కూసుందాం.”

“బాల్వాడీలో నా బిడ్డ పేరు ప్రెసిడెంటు కొట్టేయిస్తాడేమో అక్కా!”

“పేరుండి నీ బిడ్డ ఏం తాగిందే?”

చిన్నామె బిడ్డ ఎండిన పెదాలు చూసింది. బిడ్డను సంకనేసుకుని లేచింది.

“రేపటిదాకా యాల? సాయంత్రం బండి వచ్చే యాళయింది. లెయ్యక్కా!”