రెండో బ్రేకు

వంటింటి బల్ల దగ్గర అక్క ఫోన్‌లో టైపు చేస్తోంది. డ్రైవింగ్ నేర్పే తమ్ముడు పక్కన నిలబడి, తన గొప్పలు తనే చెప్పుకుంటున్నాడు.

“…‘ప్రఖ్యాత డ్రైవింగ్ శిక్షకుడు.’ రాశావా?”

“ప్రఖ్యాత ఏంట్రా, ఎవరికి తెలుసు నువ్వు?”

“నేను బండితో ఆ గేటు గుద్దినప్పుడు వీధి వీధంతా వచ్చి చూసిందిగా.”

“అయితే గేటు సంగతి కూడా రాయనా?”

“అక్కా, నీకు దణ్ణం పెడతా. మీ కారు కొనేవాడి విషయం తర్వాత మాట్లాడదాం, ముందు ఇది కానియ్. మా డ్రైవింగ్ స్కూలు ఓనరు వెబ్‌సైట్‌లో అందరి ఫొటోలూ పరిచయాలూ పెట్టాడు. చదివి, నచ్చిన మాస్టార్ని ఎంచుకోవాలట. సోమవారంలోగా ఒక్కరైనా నన్ను ఎంచుకోకపోతే ఇక రావద్దన్నాడు.”

“ఇప్పటిదాకా ఒక్కరు కూడా లేరా?”

“ఎందుకు లేరు? ఒకావిడ నా పేరు మీద నొక్కింది. వెంటనే ఫోన్ చేసి, పొరపాటున నొక్కానండీ అంది.”

“అయ్యో!”

“నవ్వుకో, నవ్వుకో. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.”

“ఇప్పుడక్కడ ఏముందో చదువు.”

“‘క్రమశిక్షణే ఊపిరిగా, రహదారి భద్రతే ధ్యేయంగా…’”

“ఒరేయ్, ఇది సంతాప సభలో చదివేదిరా!”

“మిగతావాళ్లవి చూసి కాపీ కొట్టాను.”

“చిన్నప్పుడు పరీక్షల్లోనూ ఇదే పని. నిజం చెప్పు, నీ దగ్గర నేర్చుకున్నవాళ్లు నీ గురించి ఏమంటారు?”

“ఏమంటారూ… అరవడు అంటారు.”

“ఎందుకు అరవవు?”

“ఏ మొహం పెట్టుకుని అరవను? లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పినవాణ్ణి. మూడోసారైతే బండి స్టార్ట్ చెయ్యకుండానే ఏడుపొచ్చేసింది. పరీక్ష పెట్టినాయనే పాపం మంచినీళ్లిచ్చాడు.”

“ఇది రాస్తా.”

“చంపేస్తావా ఏంటి! పరువు పోతుంది.”

“ఉంటే కదా పోవడానికి. సరే, స్టీరింగ్ చూస్తేనే భయపడేవాళ్లుంటారు కదా, వాళ్లనేం చేస్తావు?”

“మొదటిరోజు బండి కదిలించను. ఊరికే కూర్చోబెడతా. సీటు సర్దుకోండి, అద్దం సర్దుకోండి అంటా. భయమేస్తే దిగిపోవచ్చు అంటా.”

“ఏడిస్తే?”

“ఎవరు?”

“ఎవరైతేనేం. కూర్చోగానే ఏడుపొస్తే?”

“రానిస్తా. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటా. స్కూలు బండిలో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుందక్కా. ఏదైనా అయితే నేను తొక్కుతాగా, వాళ్లకెందుకు భయం?”

“ఊఁ…”

“ఏంటి, ఆగిపోయావు?”

“ఆగలేదు, అయిపోయింది. విను. ‘లైసెన్సు పరీక్ష నేనే మూడుసార్లు తప్పాను. అందుకే ఎవరి మీదా అరవను. మొదటిరోజు ఊరికే కూర్చుందాం. రెండో బ్రేకు నా కాలి కింద ఉంటుంది.’ పెట్టేశాను కూడా.”

“పెట్టేశావా! మరి ‘ప్రఖ్యాత’ ఏదీ?”

“గేటు దగ్గరే ఉంది, వెళ్లి తెచ్చుకో.”

“ఇది చూసి ఎవరొస్తారక్కా? నా ఉద్యోగం ఊడినట్టే. సర్లే, ఆ కారు కొనేవాడు రేపు పొద్దున్నే వస్తానన్నాడు. బావ పోయినప్పట్నుంచీ దాని మీద కవరైనా తియ్యలేదు నువ్వు. ఆయన నేర్చుకోమని ఎంత బతిమాలినా స్టీరింగ్ ముట్టుకోనిదానివి, నీకెందుకులే ఇంక అది…”

“ఉండరా. ఇక్కడ ‘ఈ మాస్టారే కావాలి’ అని ఉంది. దీన్నే నొక్కాలా?”

“దాన్నే. ఎందుకు?”

“నొక్కేశాను.”

“అక్కా! పొరపాటునా?”

“పొరపాటున కాదు. ఆ కొనేవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పు.”