సంచీ కోసం వెనక్కి

పెద్ద రోడ్డు పక్కన కార్లూ బస్సులూ ఆగే చోటు. ఆడవాళ్ల మరుగుదొడ్లను ఆనుకుని, వాటిని కడిగే ఆవిడ కూర్చునే చిన్న గది. అందులో స్టూలు మీద ఓ ఇల్లాలు, ఒళ్లో నల్ల సంచీ.

"కాళ్లు పైకెత్తమ్మా, నీళ్లొస్తున్నాయి. ఆ సంచీ కూడా."

"పట్టుకునే ఉన్నానక్కా."

"ఛీ, ఛీ! ఎవరో మహాతల్లి పిల్లాడి డైపరు తీసి చేతులు కడుక్కునే దాంట్లో కుక్కి పోయింది. అడుగు దూరంలో చెత్తబుట్ట ఉంది. కళ్లకి ఆనలేదు కాబోలు. మెడలో గొలుసు మాత్రం ఇంత లావు."

"నేను తియ్యనా?"

"నువ్వెందుకు తీస్తావ్? కూర్చో, నీ తంటా నీకుంది. ఇంతకీ నిన్ను వదిలేసి పోయి ఎంతసేపయింది?"

"వదిలెయ్యలేదక్కా. రెండు కార్లలో వచ్చాం. మా ఆయన, మా అత్తగారు, పిల్లలు ఒకదాంట్లో. మా ఆడపడుచు వాళ్లు ఇంకోదాంట్లో. నేను వాళ్ల కారెక్కాననుకుని ఈయన, ఈయన కారెక్కాననుకుని వాళ్లు..."

"అనుకుని అనుకుని పోయారు. నువ్వు లోపల చేతులు కడుక్కుంటున్నావు."

"అంతే."

"అంతేనట! పదకొండేళ్లుగా ఈ కంపులో ఉన్నాను, ఎప్పుడూ ముక్కు మూసుకోలేదు. నీ మాటలు వింటుంటే మూసుకోవాలనిపిస్తోంది. నీ ఫోను కారులో ఉండిపోయిందన్నావుగా, ఇదిగో నాది. మీ ఆయన నంబరు గుర్తుందా?"

"ఉంది."

"మరి కొట్టు."

"వద్దులే అక్కా. వస్తారు."

"ఎందుకొద్దు?"

"వస్తారక్కా. తప్పకుండా వస్తారు."

"ఏం నమ్మకమమ్మా నీది! ఇక్కడ గొడుగులు మర్చిపోతారు. ఉంగరాలు తీసి సబ్బు పక్కన పెట్టి పోతారు. మగాళ్ల వైపు ఒకాయన పెట్టుడు పళ్లు మర్చిపోయి ఎనభై కిలోమీటర్లు వెనక్కొచ్చాడు. కడక్కుండానే నోట్లో పెట్టుకోబోతుంటే, ఓరి నాయనా ఆగు అని నేనే అరిచాను. మనిషిని మర్చిపోవడం మాత్రం ఇదే చూడ్డం."

"నేనూ అంత గుర్తుండే మనిషిని కాదులే అక్కా. పొద్దున్నే లేచి పదకొండు మందికి వండి కట్టాను. డబ్బాలు కారెక్కితే నేనూ ఎక్కినట్టే వాళ్లకి."

"థూ! ఆ మాట అనకు. ఇదిగో, ఎవరో నీలం చొక్కా ఆయన పరిగెత్తుకొస్తున్నాడు. మీ ఆయనేనా?"

"ఆయనే."

"పోనీలే, గుర్తొచ్చావు. లే, వెళ్లు."

"నేను తలుపు వెనక ఉంటాను. సంచీ నువ్వు పట్టుకో. నేనున్నానని చెప్పకు."

"ఇదేం చోద్యం!"

"ఒక్క నిమిషం అక్కా. ఏమడుగుతారో వింటాను. నీకు దణ్ణం పెడతాను."

"ఏమ్మా! ఇదిగో, నిన్నే! ఇందాక మేం ఇక్కడ ఆగాం. ఒకటి మర్చిపోయాం..."

"ఏం మర్చిపోయారు సారూ?"

"సంచీ. నల్ల సంచీ. అందులో కెమెరా... అదే! అదే! అమ్మయ్య, బతికించావు. ఇటివ్వు. తడి చేతులతో పట్టుకోకమ్మా, కొత్తది!"

"ఉండండి, ఎవరిదో ఏంటో. ఇంకేమైనా మర్చిపోయారా?"

"ఇంకేం లేవు. కారంతా దులిపి చూశాను. నీళ్ల సీసాలు, గొడుగులు, భోజనం డబ్బాలు, చంటాడి ఎడం కాలి చెప్పుతో సహా అన్నీ ఉన్నాయి. ఇదొక్కటే."

"మనుషుల్ని చూసుకున్నారా?"

"మనుషులకేమైందమ్మా? పదకొండు మందిమి వచ్చాం, పదకొండు మందిమి వెళ్తున్నాం. ఏడాదికోసారి ఇలా అందరం కలిసి తిరుగుతాం. వస్తువులదేముంది, ఇవాళ ఉంటాయి రేపు పోతాయి, కలిసి గడిపిందే మిగులుతుందని మా పిల్లలకి చెప్తుంటాను నేను. అబ్బ, సంచీ అలా కింద పెట్టకు, నేలంతా నీళ్లు!"

"మీ ఆవిడ ఏరీ?"

"మా అక్క కారులో ముందు పోతోంది."

"ఎక్కడం చూశారా?"

"చూడ్డమేంటి? ఎక్కకుండా ఎక్కడికి పోతుంది? నువ్వూ మా పెద్దదానిలా తగులుకున్నావే! బయల్దేరినప్పట్నుంచీ అదొకటే పాట. అమ్మేది, అమ్మేది, అమ్మ ఎక్కలేదు నాన్నా అని. కొండ దగ్గర ఫొటో తీద్దామని ఆపితే సంచీ లేదు. సంచీ ఎక్కడ పెట్టావే అంటే, అమ్మేది అంటుంది! ఒళ్లు మండి చెంప మీద ఒక్కటి పీకాను."

"కొట్టారా? ఎంత పిల్ల?"

"తొమ్మిదేళ్లు. ఆడుకుంటూ దించి మర్చిపోయింది అదే అయ్యుంటుంది. ఇంక ఇవ్వమ్మా. కారు రోడ్డుకి అవతల ఆపి వచ్చాను. అమ్మా పిల్లలూ అందులోనే ఉన్నారు."

"మీ అక్కకి ఒకసారి ఫోన్ చెయ్యండి. అప్పుడిస్తాను."

"ఇదేం పేచీ! సరే... హలో, అక్కా? ఆఁ, దొరికింది, దొరికింది. ఒకసారి దానికివ్వు. ఎవరికేంటి, మీ మరదలికి... మా కారులో ఎందుకుంటుంది? మీ కారులో కదా! నువ్వేగా ఎక్కించుకుంటానన్నావు... నేనెప్పుడన్నాను?... వెనక సీటులో సరిగ్గా చూడు... సరే, సరే, అరవకు. పెట్టెయ్."

"ఏమంటోంది సారూ?"

"లేదంట. అమ్మా, ఇక్కడ... ఇక్కడెవరైనా ఆడమనిషి... చామనఛాయగా, కాస్త పొట్టిగా..."

"ఏం రంగు బట్టలు కట్టుకుంది?"

"రంగా... పసుపో, ఏదో... అలాంటిదే..."

"ఈ సంచీకి లోపల గుడ్డ ఏం రంగు?"

"ముదురు ఎరుపు. అది కాదు, మనిషి కోసం అడుగుతుంటే సంచీ అంటావేం?"

"ఆకుపచ్చ బట్టలండీ. ఇవిగో."

"నువ్వా! ఇక్కడే ఉన్నావా! తలుపు వెనక నక్కి చూస్తున్నావా! ఎంత కంగారు పెట్టావే మనిషిని!"

"ఎప్పుడు కంగారుపడ్డారు?"

"ఇప్పుడే! చూళ్లేదూ? సరే పద, దార్లో మాట్లాడుకుందాం. ఆ సంచీ ఇటు... ఉండు, లోపల అద్దానికేం కాలేదు కదా... ఆఁ, బానే ఉంది."

"ఛీ! తప్పిపోయిన పెళ్లాం ఎదురుగా నిలబడితే, గాజుముక్కకి దెబ్బ తగిలిందేమోనని చూస్తున్నాడు. తల్లీ, పొద్దుట్నుంచి నేను కడిగిందంతా ఇంతకంటే శుభ్రం."

"నువ్వు మధ్యలో మాట్లాడకమ్మా!"

"పాపని ఎందుకు కొట్టారు?"

"ఇప్పుడదా ముఖ్యం?"

"అంతమందిలో నేను లేనని చూసింది అదొక్కతే. దాన్నే కొట్టారు."

"అయ్యో, నాకేం తెలుసే! నువ్విక్కడ ఉండిపోయావని తెలిస్తే ఉన్నపళాన కారు తిప్పేసి ఎగిరొచ్చేవాణ్ని. కెమెరా సంగతి తర్వాత. ఒట్టు!"

"పోయినేడు జలపాతం దగ్గర ఎంతసేపటికొచ్చారు?"

"అది... అప్పుడేదో పొరపాటు. తర్వాత అందరం తల్చుకుని ఎంత నవ్వుకున్నాం!"

"మీరు నవ్వారు."

"సరేనే, నాదే తప్పు. చాలా? ఆవిడ ముందు పరువు తియ్యకు. పిల్ల ఏడుస్తోంది, రా."

"పిల్ల కోసమే వస్తాను. ముందు మీరెళ్లి దానికి తప్పయిందని చెప్పండి. సంచీ అది దించలేదు."

"మరెవరు దించారు?"

"నేనే. పోయినేడు నాలుగు గంటలు రాయి మీద కూర్చున్నాను మీ కోసం. ఈసారి నన్ను మర్చిపోయినా తొందరగా వస్తారని, కారు దిగేటప్పుడు నేనే దాన్ని భుజాన తగిలించుకున్నాను. చూశారా, నలభై నిమిషాల్లో వచ్చేశారు."