చూడందే రాయని చౌడమ్మ గారు

1989 ఆగస్టు 21, సోమవారం నాడు, అనంతపురం జిల్లా కంబదూరు మండలంలోని ఒక మెట్టపల్లె నుంచి రెండు బస్సులూ మూడు రైళ్లూ మారి వచ్చిన ఇరవై మూడేళ్ల యువతి, చేత ఒక రేకుపెట్టెతో, భుజాన ఒక నల్లగొంగడితో భారత విదేశాంగ సేవలో ప్రవేశించారు. ముప్పై ఆరు సంవత్సరాల నిష్కళంక సేవానంతరం, రాయబారి హోదాను అలంకరించి, యాత్రా రచయిత్రిగా పాఠకలోకపు మన్ననలందుకొని, ఈ అక్టోబరు 31న పదవీ విరమణ చేయనున్న ఆ విదుషీమణియే మన శ్రీమతి చౌడమ్మ గారు. ఆ గొంగడి ఇప్పటికీ ఆమె కుర్చీ వెనుకనే ఉంది. దానిని మార్చి ఒక మంచి శాలువా వేద్దామని ప్రయత్నించిన ఉద్యోగులెవరూ రెండోసారి ప్రయత్నించలేదు.

శింగనమల వాస్తవ్యుడనైన నేను, ఇమ్మానుయేల్, ఆమె వద్ద మూడు దేశాలలో పద్నాలుగేళ్లు సహాయకుడిగా పనిచేసినవాణ్ణి. ఈ వ్యాసభారం వీడ్కోలు సంచిక కమిటీ నా నెత్తిన పెట్టిందని తెలిసి మేడం గారు నన్ను పిలిపించుకున్నారు. "పొగడ్తలు రాసినావంటే నేను చదవనప్పా. తప్పులుంటే రాయి" అన్నారు. ఆజ్ఞ శిరసావహించి రెండు తప్పులు రాస్తున్నాను. ఒకటి ఆమెది, రెండోది నాది.

ఆమె తండ్రి ఓబన్న గారు గొర్రెల కాపరి. కంబదూరు చుట్టుపక్కల వర్షాధారపు నేలలో గడ్డి మాడిపోగానే, మందను తోలుకొని కాలువ పారే కణేకల్ వైపు కాలినడకన పోవడం ఆ కుటుంబానికి ఏటేటా తప్పని ప్రయాణం. అంత దారిలో ప్రాణాధారం బావులే. అక్షరజ్ఞానం లేని ఆ తండ్రి, బడికి పోతున్న కూతురి చేత ఒక నోటుపుస్తకంలో బావుల జాబితా రాయించేవారు. ఏ బావిలో ఎంత లోతున నీళ్లున్నాయి, ఏ ఊరివాళ్లు మందను తాగనిస్తారు, ఎక్కడ కుక్కల బెడద ఎక్కువ అన్నవన్నీ అందులో ఉండేవి. వేసవి సెలవుల్లో ఆమె మంద వెంట నడుస్తూ దానిని చదివి వినిపించేది. ఆమె ప్రథమ యాత్రాగ్రంథం అదేనని నేనంటే మేడం గారు నవ్వుతారు గానీ, కాదనరు.

1976 వేసవిలో, కళ్యాణదుర్గం సంతలో ఎవరో చెప్పిన మాట విని, పదేళ్ల ఆ పాప నోటుపుస్తకంలో, దారిలోని ఒక దిగుడుబావి పేరు పక్కన 'నీళ్లు ఉన్నాయి' అని రాసింది. ఆ రాతను నమ్మి మంద ఒక పూటంతా ఎండలో దారి మళ్లింది. తీరా చూస్తే బావిలో తాబేటి చిప్ప తప్ప ఏమీ లేదు. మరో బావి చేరేలోపు పదకొండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. ఓబన్న గారు కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు.

"ఆ బావిని నువ్వు చూసినావా పాపా?" అని మాత్రం అడిగారట.

"లేదు నాయనా, చెప్పినారు."

"చూడనిది రాయొద్దమ్మా. గొర్రెకు సదువు రాదు. నీ రాతను నమ్ముకొని నడిచింది."

ఆ బావి పేరును ఆమె ఆనాడే కొట్టివేశారు. తదనంతరం ఆమె సంతకం చేసిన ఏ కాగితంలోనూ, చూడకుండా రాసిన వాక్యం ఒక్కటి ఉందని చూపగలవారు ఈ శాఖలో ఎవరూ లేరు. పాస్‌పోర్టు విభాగంలో మొదలై, వాణిజ్య విభాగం మీదుగా, సంఘర్షణలతో అట్టుడుకుతున్న రెండు దేశాలలో మన పౌరుల తరలింపు వరకూ, ఆమె నివేదికలు క్లుప్తంగా, కచ్చితంగా, కొంచెం మొరటుగా ఉండేవి. పై అధికారులు ఆ మొరటుతనాన్ని మొదట సహించారు, తరువాత గౌరవించారు, చివరకు అదే కావాలని అడిగి తెప్పించుకున్నారు. మొన్నమొన్నటి వరకు ఒక ద్వీపదేశంలో మన రాయబారిగా ఆమె సాధించిన విజయాలను ఇతర వక్తలు వేదికపై వివరిస్తారు కనుక, నేను నా తప్పు దగ్గరికి వస్తాను.

అది 2011. గల్ఫ్‌లోని ఒక దేశంలో ఆమె కార్మిక సంక్షేమ విభాగానికి అధిపతి. కంబదూరు మండలానికే చెందిన తిప్పేష్ అనే యువకుడు తోటపని అని చెప్పగా నమ్మి వెళ్లి, ఎడారిలో గొర్రెల కాపలాలో చిక్కుకున్నాడని, పదహారు నెలలుగా ఎక్కడున్నాడో తెలియదని అతని తల్లి రామాంజినమ్మ ఫిర్యాదు పంపింది. నేను సదరు యజమానికి ఉత్తరం రాశాను. 'అటువంటి వ్యక్తి మావద్ద లేడు' అని ముద్ర వేసిన జవాబు వచ్చింది. దాన్నే చక్కగా టైపు చేసి, 'విచారించగా అట్టి వ్యక్తి ఎవరూ లేరని తేలినది' అని ఫైలు ముగించి సంతకానికి పెట్టాను. నా ఇంగితానికి అది పూర్తయిన పని.

మేడం గారు ఫైలు మూసి నన్ను పైనుంచి కిందికి చూశారు.

"నువ్వు పోయి చూసినావా ఇమ్మానుయేల్?"

"లేదు మేడం. వాళ్లు రాసిచ్చారు."

"అయితే 'తేలినది' అని ఎట్ల రాసినావప్పా? ఎవురికి తేలింది?"

సిగ్గుతో నా తల నేలకు దిగిపోయింది. ఆ ఒక్క సంతకం పడి ఉంటే తిప్పేష్ కాగితం మీద లేనివాడైపోయేవాడు. అటు తరువాత అతనికోసం వెతికే దిక్కే ఉండేది కాదు. ఆమె సంతకం పెట్టకుండా, నేరుగా రామాంజినమ్మకు ఫోను కలిపి యజమాని జవాబు వినిపించారు.

"నా కొడుకు ఉండాడు మేడమ్మా! నీళ్ల ట్యాంకరు డ్రైవరు ఫోన్లో పోయిన నెల మాట్లాడినాడు. యాడుండాడో వానికే తెల్దు. మీరు చూస్తే లేడంటాండారు!" అని ఆ తల్లి గొల్లుమంది.

"ఏడ్వద్దక్కా. నేనడిగేది చెప్పు. గొర్రెల్ని నీళ్లకు యాడికి తోలుకపోతాడంట? పొద్దున ఎండ వీపున పడతాదంటనా, మొగాన పడతాదంటనా?"

"వీపునే అన్నాడు. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి సిమెంటు తొట్టి కాడికి చేరతాయంట. తొట్టి పక్కన నల్లగుట్ట ఉండాదంట."

"పిల్లగొర్రెలుండాయా మందలో?"

"అబ్బో, మస్తుగా ఉండాయంట!"

మేడం గారు పటం పరిచారు. పొద్దున ఎండ వీపున పడితే మంద పడమరకు నడుస్తున్నట్టు. పిల్లలున్న మంద ఒక పూటలో ఎంత దూరం పోతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నల్లగుట్ట పక్కన తొట్టి ఉన్న చోట్లు ఆ పటంలో మూడే ఉన్నాయి. స్థానిక అధికారిని వెంటబెట్టుకొని మరునాడు తెల్లవారగానే బయలుదేరాం. మొదటి తొట్టికి తూర్పున వెతికితే పాడుబడిన రేకుల షెడ్డు కనిపించింది. రెండోదాని దగ్గర ఒంటెలు తప్ప నరమానవుడు లేడు. నేను వెనక్కి పోదామన్నాను. ఆమె నాకేసి చూసిన చూపు ఇక్కడ రాయదగినది కాదు.

మూడో తొట్టికి తూర్పున, రెండు మైళ్ల దూరంలో, గొర్రెల దుమ్ములో అతను కనబడ్డాడు. గడ్డం పెరిగి, పెదాలు పగిలి ఉన్నాడు. జెండా కట్టిన మా కారును చూసి బెదిరి పక్కకు జరిగాడు.

"తిప్పేషా! నేను ఓబన్న కూతుర్ని. గొర్రెల ఓబన్న. మీ యమ్మ పంపించింది."

పదహారు నెలల తరువాత తన భాషను ఎదుటి మనిషి నోట విన్న అతను మోకాళ్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవలసిన పనిలేదు. కారు ఎక్కమంటే మాత్రం అతను ఎక్కలేదు. "ఇవి ఇంకా నీళ్లు తాగలేదక్కా. నోరులేని జీవాలు, ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది?" అన్నాడు.

అప్పుడు భారత ప్రభుత్వ ఉన్నతాధికారిణి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకొని, కంబదూరు కాపరుల కూత ఒకటి పెట్టారు. ఆ పరదేశపు మంద కదిలి ఆమె వెంట తొట్టిదాకా నడిచింది! స్థానిక అధికారి నోరు తెరిచి నిలబడిపోయాడు. వెనుక నేను ఫైలు చంకనబెట్టుకొని, పిల్లగొర్రెలను అదిలిస్తూ నడిచాను. పది రోజుల్లో తిప్పేష్ ఇల్లు చేరాడు. ఆ ఫైలులో ఆమె రాసిన వాక్యం ఒకటే: 'పోయి చూచితిని. ఉన్నాడు.'

ఆ ఎడారి నడకలే కాలక్రమంలో 'బావికీ బావికీ మధ్య' అనే యాత్రాగ్రంథమై, ప్రభుత్వ అనుమతితో మూడేళ్ల క్రితం వెలువడి, ఇప్పటికి నాలుగు ముద్రణలు పొందింది. రాజధానులనూ విందులనూ వదిలి, మనుషులూ జీవాలూ నీళ్లకోసం నడిచే దారులనే రాసిన ఆ పుస్తకాన్ని మన కార్యాలయంలో చదవనివారుంటే, ఈ సభకు రాకముందే చదివి రావలసిందిగా మనవి. ఆమె అడుగుతారు.

విరమణానంతరం ఆమె చేపట్టదలచిన తొలి యాత్ర ఏ ఖండానికో అని మేమందరం ఊహాగానాలు చేశాం. తండ్రి నడిచిన దారినే, కంబదూరు నుంచి కణేకల్‌కు కాలినడకన పోతారట. సొంత మంద కలిగిన తిప్పేష్ ఆమెకు తోడు నడుస్తాడు. గత వారం అతను మన కార్యాలయానికి ఫోను చేస్తే నేనే ఎత్తాను.

"అన్నా, మేడమక్కకు చెప్పు. చిన్నప్పుడు కొట్టేసినానని ఆయమ్మ నాకు చెప్పిన దిగుడుబావి ఉండాది చూడు, ఈ తూరి వానలకు దాంట్లో నీళ్లొచ్చినాయి. మెట్లు మునిగినాయి. నా గొర్రెలు తాగినాయి."

పరుగున పోయి చెప్పాను. ఆమె సొరుగులోంచి ఆ పాత నోటుపుస్తకం తీసి, నలభై తొమ్మిదేళ్ల కిందటి కొట్టివేత మీద వేలు పెట్టారు. ఉత్సాహం పట్టలేక నేను కలం మూత తీసి అందించాను. ఆమె తీసుకోలేదు.

"నేనింకా చూడలేదు కదప్పా" అన్నారు.

మేడం గారూ, పోయి చూడండి. మీ నాయన గారి దారిలోని ప్రతి బావినీ మీ కళ్లతో చూసి రాసేటంతటి ఆయురారోగ్యాలను, అలుపెరుగని కాళ్లను, చెదరని చూపును మీకు ఆ భగవంతుడు ప్రసాదించుగాక. మీరు నూరేళ్లు చల్లగా ఉంటారని రాయాలని నా చేయి ఉబలాటపడుతోంది. కానీ చూడనిది రాయకూడదని నేర్పింది మీరే. అందువల్ల ఆ నూరో ఏట నేనే స్వయంగా కంబదూరు వచ్చి, చూసి రాస్తాను.