నాలుగు మంచాల గది

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాబా. మిట్టమధ్యాహ్నం. ఆరేసిన దుప్పట్ల వెనక నక్కి ఒక కొత్త కోడలు ఫోన్ మాట్లాడుతోంది. అవతల, అండమాన్‌లో హోటళ్ళ సంఘం ఆఫీసు.

"లేదని చెప్పుండ్రి మేడం, గంతే. గది లేదు, అయిపోయింది, ఇంకెవరో తీసుకున్నరు. ఏదన్న ఒకటి."

"గది ఉంది కదండీ."

"ఉన్నదని నాకు తెలుసు. అదే గద నా బాధ."

"కాస్త గట్టిగా మాట్లాడండమ్మా, వినపడట్లేదు."

"గట్టిగ మాట్లాడితె కింద మా అత్తమ్మకు ఇనపడ్తది! దుప్పట్లు తెస్తనని చెప్పి పైకొచ్చిన. మీరు విజయదుర్గ మేడమే కదా? మొన్న ఎల్బీనగర్ ఫంక్షన్‌హాల్‌ల మీ సంఘపోల్లు స్టాల్ పెట్టిన్రు. అండ్ల తెలుగు మాట్లాడింది మీరొక్కరే."

"నేనేనండీ. మా తాతగారిది శ్రీకాకుళం. మన తెలుగువాళ్ళు ఎక్కువ వస్తున్నారని సంఘం వాళ్ళు నన్ను ఈ ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. మీరెవరో..."

"అరుణశ్రీ. మీ సముద్రం పోస్టర్ ముందట టోపీ పెట్టుకొని ఫొటో దిగిన."

"ఓ! పెద్ద గడ్డి టోపీ! ఎండ లేని హాల్లో కూడా తియ్యలేదు మీరు."

"ఎట్ల తీస్త మేడం? దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ ముందట మా ఆయన కొనిచ్చిండు. బేరం గూడ చెయ్యలే, నేను పెట్టుకుంటె చూసుకుంట నిలబడ్డడు. అత్తమ్మ అయితె 'గిదేంది బిడ్డా, గంప బోర్లేసుకున్నట్టు' అని ఒకటే నవ్వు."

"మీరు... కృష్ణమ్మగారి కోడలా?"

"అవును. ఆమె పేరు గూడ యాదికున్నదా మీకు?"

"ఉందమ్మా. బాగా గుర్తుంది."

"మేడం, నవ్వుతున్నరా?"

"కొంచెం. ఏమనుకోకండి. చెప్పండి, మీ కష్టం ఏంటి?"

"హనీమూన్ మేడం. మాది హనీమూన్."

"శుభం."

"ఏం శుభం! ఒకటే గది, నాలుగు మంచాలు. నేను, మా ఆయన, అత్తమ్మ, మామయ్య."

"అయ్యో."

"అయ్యో అనకుండ్రి, ఏడుపొస్తది. అంత మా ఆయన చేసిందే. మీ స్టాల్ కాడ కొబ్బరినీళ్ళు తాగుకుంట ఖుషీగ ఉన్నడు. పక్కకు అమ్మ, నాయిన నిలబడ్డరని మాట వరసకు 'మీరు గూడ రాండ్రి' అన్నడు. మనం తినేటప్పుడు ఎవరొచ్చినా 'రాండ్రి, తిందురు' అంటం కదా, అట్లనే అన్నడు. అప్పుడు వాల్లు 'ఇప్పుడే తిన్నం' అనాలె కదా. గీల్లు అనలే!"

"మరి ఏమన్నారు?"

"అత్తమ్మ మా ఆయన మొకం చూసిన్రు. 'సరే బిడ్డా' అన్నరు. మామయ్య అయితె ఇంకో అడుగు ముందుకేసి 'అందరం ఒక్కకాడుంటె మంచిగుంటది' అని నాలుగు మంచాల గది అడిగిన్రు. మీరే రాసుకున్నరు!"

"రాసుకున్నాను. అడిగిన గది చూపించడం మా పని కదమ్మా."

"గా గది ఇప్పుడు లేదనుండ్రి."

"అనకూడదమ్మా. ఇక్కడ ఏ హోటలాయనైనా సంఘంలో చేరాలంటే ముందు ఒప్పుకోవాల్సింది అదే, ఉన్న గదిని లేదనకూడదని. ఒకరు అబద్ధమాడితే దీవి మొత్తానికీ చెడ్డపేరు."

"ఒక్క అబద్ధం మేడం. చిన్నది."

"అసలు మా సంఘం ఉన్నదే దీవికి మనుషుల్ని రప్పించడానికండీ. మనుషుల్ని తగ్గించమని ఫోన్ చేసింది మీరు రెండో..."

"రెండో ఏంది?"

"ఏం లేదు. నోరు జారింది. చెప్పండి."

"సరే, అబద్ధం వద్దు. అక్కడ మొసళ్ళున్నయా?"

"కొన్ని వాగుల దగ్గర ఉన్నాయి. బోర్డులు పెడతారు."

"అదే చెప్పుండ్రి! మా మామయ్యకు జర వివరంగ చెప్పుండ్రి. మూసారాంబాగ్ బ్రిడ్జి కింద వరద చూస్తెనే ఆయనకు కండ్లు తిరుగుతయి."

"సంఘం ఫోన్ దగ్గర కూర్చుని నేను మొసళ్ళ గురించి ప్రచారం చెయ్యాలా? మా అధ్యక్షుడుగారు పక్క గదిలోనే ఉన్నారు."

"పోనీ పడవ బాగ ఊగుతదని..."

"ఊగుతుందంటే పడవలాయన నన్ను ఊపేస్తాడు. ఆయనా మెంబరే."

"తుఫాన్ ఒస్తదని?"

"గాలొచ్చి పడవలు ఆగిపోతే మీకింకా మంచిదమ్మా. చిక్కుకుపోయిన వాళ్ళని మేమే చూసుకుంటాం. ఏ హోటల్లో చోటుంటే అందులో సర్దుతాం. ఒక ఇంటివాళ్ళని మాత్రం ఎప్పుడూ విడదియ్యం."

"విడదియ్యరా?"

"అస్సలు విడదియ్యం."

"మీ సంఘం ఇంత మంచిదని ముందే తెలిస్తె, నేను ఆ స్టాల్ దిక్కు రాకనేపోదును!"

"అమ్మా, ఏడవకండి."

"ఏడుస్తలేను. అక్కా, ఇగ మేడం అనను, అక్కా అంట. ఇను. పెండ్లయినంక మేమిద్దరం ఇంట్ల ఒక్క ముచ్చట గూడ మొత్తం చెప్పుకోలే. పెండ్లికొచ్చిన బడంగ్‌పేట్ పెద్దమ్మ ఇంకా ముందటి రూంలనే ఉన్నది. ముచ్చట పెట్టుకోవాలనుకుంటె మెట్రో ఎక్కుతం. దిల్‌సుఖ్‌నగర్‌ల ఎక్కి ఎల్బీనగర్ పోతం, మల్ల ఒస్తం. పనేం లేదు. మొన్న నా చెప్పు కరిచిందని ఆయన బూట్లు నాకిచ్చి, ప్లాట్‌ఫాం మీద సాక్సుల మీదనే నడిచిండు. అందరు చూస్తున్నరు అక్కా! ఆయనకేం పట్టలే!"

"ఆపండమ్మా, నాకే సిగ్గేస్తోంది."

"సముద్రం కాడ ఇద్దరమే నిలబడాలె, అక్కా. ఎనక నుంచి మామయ్య 'లోపటికి పోకుండ్రి బిడ్డా' అని ఒర్లొద్దు. ఇంకేం వద్దు నాకు."

"మీవారే వాళ్ళమ్మతో ఒక మాట అనచ్చు కదా?"

"అంటె అత్తమ్మ చిన్నబుచ్చుకుంటరు. ఇసుకల నడిచెటందుకు కొత్త చెప్పులు గూడ కొనుక్కున్నరు. మంచామె అక్కా. పొద్దుగాల అందరికంటె ముందు నాకు పాల మీది మలాయి తీసిపెడ్తరు. ఆమెను రావద్దని కాదు... రావద్దనే. కాని రావద్దని అనొద్దు."

"అర్థమైంది. చూడండి, అబద్ధం లేకుండా ఒక దారుంది. పక్కన చిన్న దీవి ఉంది. జనం తక్కువ, కూరగాయల తోటలుంటాయి, ఒడ్డున నీళ్ళ లోతు తక్కువ. పెద్దవాళ్ళకి అక్కడ బాగుంటుందని నేనే చెప్తాను. అది నిజమే కూడా. నాలుగు మంచాల గది బదులు రెండు గదులు, రెండు దీవులు. అలా సర్దడం కూడా మా సంఘం పనే."

"అక్కా! నీ కాళ్ళు మొక్కుత! కాని అత్తమ్మ ఒప్పుకుంటరా? కొడుకును ఇడిచి ఒక్క పూట ఉండరు."

"ఒప్పుకుంటారు."

"అంత ధైర్యంగ ఎట్ల చెప్తవ్?"

"అది నన్నడక్కండి. ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరవెయ్యకూడదు, అదీ మా దగ్గర రూలే. అవునూ, మేము కార్డు ఇంటికొకటే ఇచ్చాం. ఈ నంబరు మీకెక్కడ దొరికింది?"

"దాని కోసం ఇల్లంత లెంకిన అక్కా. ఆఖరికి అత్తమ్మ పోపుల డబ్బ కింద ఉన్నది. గక్కడెవరు పెట్టిన్రో ఏమో... ఆగు ఆగు, మెట్ల మీద చప్పుడైతుంది!"

"అరుణా! దుప్పట్లు తేను పోయినవా, నేయను పోయినవా?"

"ఒస్తున్న అత్తమ్మా!"

"ఎవరే ఫోన్ల?"

"ఎవరు లేరు. చీరలోల్లు. కొత్త స్టాక్ ఒచ్చిందట."

"మగ్గం కాడ పుట్టినోల్లకు చీరలమ్ముతరా? ఉండు, నేను చెప్త. స్పీకర్ల పెట్టు, నా చేతులకు పిండున్నది. హలో! ఏ షాపమ్మా మీది?"

"అమ్మా, నేను అబద్ధం చెప్పలేనండీ. ఇది షాపు కాదు. అండమాన్ హోటళ్ళ..."

"దుర్గమ్మా! నువ్వా? నువ్వు చెయ్యకు, నేనే చేస్తనని పొద్దుగాల చెప్తి గద! పోయి పోయి కోడలి ఫోనుకే చేసినవా?"

"కృష్ణమ్మగారూ, ఒక్క నిమిషం, స్పీకర్..."

"ఏం చెప్పిన నీకు? పిల్లగాడు మాట వరసకు పిలిచిండు, కాదంటె చిన్నబుచ్చుకుంటడని సరే అన్న. మా ముసలాయనకు అది సమజ్‌కాక నాలుగు మంచాలడిగిండు. పిల్లల పక్కపొంటి మంచమేసుకొని పండుకుంటె నాకు సిగ్గనిపియ్యదా, మా ఇద్దరికి ఏరే దీవి చూడు, కోడలికి మాత్రం తెల్వద్దు అని..."

"అత్తమ్మా."

"...నువ్వు ఈడ్నే ఉన్నవు కదా."

"ఈడ్నే ఉన్న."

"అంత ఇన్నవా?"

"స్పీకర్ల పెట్టమన్నది మీరే."

"అమ్మా, పక్క దీవిలో రెండు మంచాల గది ఖాయం చెయ్యమంటారా?"

"ఆగు దుర్గమ్మా, కోడలితోని మాట్లాడనీ. అరుణా, నవ్వుడు ఆపు. ఆ దుప్పట్లు పెద్దమ్మకు ఇచ్చి చెప్పులేసుకో. గా గంప టోపీ ఏడ దొరుకుతదో చూపెడుదువు. మా పెండ్లప్పుడు మాకు గివన్ని యాడియి? మీ మామకు, నాకు గూడ గిదే మొదటి హనీమూన్."