ఆ మోత మళ్ళీ పెట్టవా

బావమరిది రిపేరు షాపులో, మధ్యాహ్నం పూట, బావ ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆ లాప్‌టాప్‌కి ఏ రోగమూ లేదు. బావ బాధంతా అదే.

"లేదు బావా, ఇంకోసారి చెప్పు. నేను సరిగ్గా విన్నానో లేదో."

"సరిగ్గానే విన్నావురా. ఫ్యాన్ చప్పుడు రావట్లేదు."

"రాకూడదనేగా బాగు చేసింది!"

"అసలు రావట్లేదు. ఇసుమంత కూడా."

"పది రోజుల క్రితం అక్క దీన్ని ఇక్కడ పెట్టి ఆన్ చేస్తే, పక్క షాపువాళ్ళు పిండిమర పెట్టావా అని అడిగారు, తెలుసా?"

"ఆ పిండిమరే కావాలి నాకు."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అనలేదు. ఈ షాపు పెట్టి పన్నెండేళ్ళయింది. మోత ఆపమని వచ్చినవాళ్ళే గాని, మోత పెంచమని వచ్చినవాడివి నువ్వొక్కడివే."

"పెంచమనట్లేదు. ముందున్నట్టు పెట్టమంటున్నా."

"ఇలా ఇవ్వు. వేడెక్కుతోందా?"

"లేదు."

"నెమ్మదిగా నడుస్తోందా?"

"లేదు. గుర్రంలా ఉంది."

"మధ్యలో ఆగిపోతోందా?"

"ఆగితే బాగుండు."

"మరి దీనికేం రోగం బావా?"

"రోగం లేకపోవడమే రోగం."

"అక్కతో ఏమైనా గొడవా?"

"ఛ ఛ. మధ్యలో మీ అక్కని ఎందుకు లాగుతావు? ఆవిడకేం సంబంధం? ఎవరికీ ఏ సంబంధమూ లేదు."

"ఊరికే అడిగా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటావేం?"

"నేనేం తడుముకోలేదు. అది సరే... పాత ఫ్యాన్ ఏం చేశావు?"

"ఏం చేస్తా? ఆ డబ్బాలో పడేశా."

"పారెయ్యలేదు కదా? ఏ డబ్బా? ఇదేనా?"

"బావా, చెయ్యి పెట్టకు, మేకులున్నాయి. నేను తీస్తా. ఇదిగో, ఇది. నీ కళ్ళేంటి అలా మెరుస్తున్నాయి?"

"వేసెయ్యి. ఇదే మళ్ళీ వేసెయ్యి. కొత్తది నువ్వే ఉంచుకో."

"వెయ్యకూడదు. ఇలా పట్టుకుని చూడు. రెక్కల్ని కదుపు. అటూ ఇటూ ఊగుతోందా? పడబోయే పాలపన్నులా ఉంది. లోపల బేరింగ్ అరిగిపోయింది, నూనె చుక్క లేదు. ఇది మళ్ళీ బిగిస్తే రెండు నెలలు మోగుతుంది, మూడో నెల ఆగుతుంది. ఆగినరోజు దీంతో పాటు బోర్డు కూడా మాడిపోతుంది."

"రెండు నెలలు మోగుతుందా?"

"బావా!"

"అంటే... లెక్క కోసం అడిగా."

"అసలు నాకు అర్థం కానిది ఒకటుంది. ఫ్యాన్ అన్నాక వేడెక్కితే జోరుగా తిరగాలి, చల్లబడితే నెమ్మదించాలి. అలా తిరిగితే ఏళ్ళ తరబడి ఉంటుంది. నీది మాత్రం నాలుగేళ్ళుగా పరుగు ఆపలేదు. బస్సుల టైంటేబుళ్ళు వేసుకునేవాడివి, నీకంత వేడి ఎక్కడ్నుంచి వచ్చింది?"

"చాలా బస్సులురా."

"ఎన్ని?"

"నలభై రెండు."

"నలభై రెండు బస్సులకి ఇది చెమట కూడా పట్టకుండా పని చేస్తుంది. ఇంకో సంగతి. విప్పితే లోపల ఏం దొరికిందో తెలుసా?"

"దుమ్మేగా."

"దుమ్మయితే చెప్పేవాణ్ణా? దూది. గుప్పెడు దూది. గాలి పోయే సందులన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. దీన్ని ఎక్కడ పెట్టి పని చేస్తావు?"

"టేబుల్ మీద."

"టేబుల్‌కి దూది ఎక్కడిది?"

"టేబుల్ మీదే. అంటే, టేబుల్ మీద దిండు ఉంటుంది. దిండు మీద ఇది ఉంటుంది."

"దిండు మీదా! కింద సందులు మూసుకుపోతే దానికి ఊపిరెలా ఆడుతుంది? ఆయాసంతో రొప్పుతుంది. ఆ రొప్పుడే నువ్వు విన్న మోత. ఇంత చిన్న విషయం నీకు తెలియదా?"

"తెలుసు."

"తెలుసా? తెలిసే పెట్టావా?"

"మంచి దిండురా అది. సరిగ్గా లాప్‌టాప్ అంతే ఉంటుంది. అటు వేలెడు ఎక్కువ కాదు, ఇటు వేలెడు తక్కువ కాదు."

"లాప్‌టాప్ కొలతకి దిండు ఎక్కడ దొరికింది నీకు?"

"ఏమో. ఒకరోజు చూస్తే టేబుల్ మీద ఉంది. ఇంట్లో దిండ్లకేం కొదవ?"

"బావా, మాట తప్పించకు. నిజం చెప్పు. ఆ మోత నీకెందుకు?"

"నవ్వనంటే చెప్తా."

"నవ్వను."

"మీ అక్కకి చెప్పనంటే చెప్తా."

"చెప్పను. చెప్పు."

"మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరూ పెట్టలేదు, దానంతటదే వచ్చింది. ఫ్యాన్ మోగితే నాకు పెద్ద పని నడుస్తున్నట్టు. ఎవరూ తలుపు తట్టరు. మీ అమ్మగారు చెప్పులు విప్పి నడుస్తారు. చిన్నది, 'నాన్న విమానం ఎక్కాడు' అని వేలు పెదాల మీద పెట్టుకుని అందర్నీ ఊరుకోబెడుతుంది."

"ఆ పెద్ద పని ఎన్నింటికి అయిపోతుంది?"

"పన్నెండున్నరకి."

"మోత ఎన్నింటి దాకా?"

"నాలుగు."

"ఓరి దేవుడా!"

"నవ్వనన్నావు."

"నవ్వట్లేదు, దగ్గు."

"నీకు నవ్వులాటగా ఉంది. ఈ పది రోజులూ నా బతుకు చూడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, అంటే నేను ఖాళీగా ఉన్నట్టు. అటక మీద పెట్టె దింపు. దింపాక అది కాదు, దాని వెనకది. కుళాయి బిగించు. మీ అమ్మగారి కళ్ళజోడు వెతుకు, అది ఆవిడ తల మీదే ఉంటుంది. చిన్నదాని స్కూలుకి అట్టముక్కలతో అగ్నిపర్వతం చెయ్యి. నిన్న పనిలో ఉన్నానంటే మీ అక్క తలుపు దగ్గర నిలబడి చెవి పెట్టి విని, 'ఏదీ, ఏం వినపడట్లేదే' అంది."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట."

"ఊడింది. ఆ మందేసింది నువ్వే."

"సరే గాని పన్నెండున్నర నుంచి నాలుగు దాకా లోపల ఏం చేస్తావు? నిద్రా?"

"ఛ. పగలు నేను నిద్రపోను."

"మరి?"

"ఏదో ఒకటి."

"ఆ జేబులోంచి తొంగిచూస్తోందే, అదేనా ఆ ఏదో ఒకటి?"

"ఏ జేబు? ఇది దువ్వెన."

"మౌత్ ఆర్గాన్‌తో ఎవరు దువ్వుకుంటారు బావా? అసలు నీకు జుట్టేది?"

"గట్టిగా అనకురా! పక్క షాపువాళ్ళు వింటారు."

"వింటే ఏమవుతుంది?"

"నాకు సిగ్గు. చెప్పానుగా, నాకు సిగ్గు! ఒక మనిషి వింటున్నాడంటే చాలు, ఊపిరి లోపలికి పోతుంది గాని బయటికి రాదు. ఆ ఫ్యాన్ మోగుతుంటే గదిలో పిడుగు పడినా బయటికి వినపడదు. ఆ మోతలో కూర్చుని నాలుగేళ్ళుగా ఒక పాట నేర్చుకుంటున్నా. అంతా వచ్చేసింది, మధ్యలో ఒక్క మలుపు దగ్గరే తప్పుతోంది. ఇంకో నెల ఉంటే వచ్చేసేదిరా. రోజంతా అందరి పనీ చేస్తాను, కాదనను. మూడున్నర గంటలు నావంటూ ఉండొద్దా? పది రోజులైంది ఊది. నాకు ఏడుపొస్తోంది."

"అయ్యో బావా. ముందే చెప్పొచ్చుగా."

"చెప్పేదయితే ఫ్యాన్ ఎందుకు?"

"సరే, ఉండు. ఒక ఉపాయం ఉంది. పాత ఫ్యాన్‌ని లాప్‌టాప్‌లో వెయ్యను, అది పాపం. బయట బల్ల మీద తిప్పుతా. నీ ఫోన్‌లో మోత రికార్డు చేసుకో. రోజూ స్పీకర్‌లో పెట్టుకో. లాప్‌టాప్ చల్లగా ఉంటుంది, ఇంట్లోవాళ్ళకి మాత్రం వేడెక్కి మోగుతున్నట్టే ఉంటుంది. దిండు మాత్రం తీసెయ్యాలి."

"దిండు తియ్యాలా?"

"తియ్యాలి. ఈ రెండు వైర్లూ ఇలా తగిలిస్తే... ఆఁ. వస్తోందా?"

"ఆహా! అదీ! అదేరా! ఆ చివర గరగరమంటోంది చూడు, వింటున్నావా?"

"అరుగుడు బావా, అది."

"ఎంత చల్లగా ఉందో ప్రాణానికి!"

"రికార్డు నొక్కావా?"

"నొక్కా. ఎంతసేపు కావాలి?"

"ఐదు నిమిషాలు చాలు, తిప్పి తిప్పి పెట్టుకోవచ్చు. కదలకు. అదిగో, నా ఫోన్ మోగుతోంది. ఎవరో చూడు."

"మీ అక్క!"

"ఎత్తకు."

"ఎత్తకపోతే ఇక్కడికే వస్తుంది. నీకు తెలుసుగా."

"అయితే స్పీకర్ నొక్కు, నా రెండు చేతుల్లోనూ వైర్లున్నాయి. నువ్వు మాత్రం నోరెత్తకు. హలో, అక్కా!"

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావ గాని అక్కడికి వచ్చారా?"

"లే... లేదే. ఏం అక్కా?"

"రాకపోతేనే మంచిది. నువ్వు చేసిన నిర్వాకం నీకేమైనా తెలుస్తోందా?"

"నేనేం చేశానక్కా?"

"ఆ ఫ్యాన్ నోరు మూయించావు."

"నువ్వేగా తెచ్చింది!"

"తెచ్చి ఏం చెప్పాను? కాలిన వాసన వస్తోంది, ఇంకో పదేళ్ళు ఆడేలా చూడు అన్నాను. నోరు నొక్కెయ్యమన్నానా? పది రోజులైంది, మీ బావ గదిలో కాలు నిలవట్లేదు. ఎప్పుడు చూసినా వంటింట్లోనే. ఉప్పు ఇప్పుడే వేశావేం, మూత పెట్టావేం. నిన్న ఇంటికంతటికీ టైంటేబుల్ రాసి గోడకి అంటించారు. అమ్మ స్నానం తొమ్మిది పదికి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే మళ్ళీ పదకొండుకేనట. అమ్మ నిజంగానే పదకొండు దాకా తువ్వాలు పట్టుకుని కూర్చుంది."

"అమ్మ కూర్చుందా?"

"కూర్చుంది. అల్లుడి మాట కాదనలేక. ఒరేయ్, ఉండు. వెనకాల ఆ మోతేంటి?"

"ఏ మోత? రోడ్డు మీద లారీ అక్కా."

"లారీ కాదు. చివర గరగరమంటోంది. అది మా ఫ్యానే కదూ?"

"అదీ... ఊరికే తిప్పి చూస్తున్నా..."

"ఆపకు! ఒక్క నిమిషం విననీ. అమ్మా, ఇలా రా! మన ఫ్యాన్! తమ్ముడి దగ్గరుంది!"

"అక్కా, నీకెందుకే ఈ మోత?"

"నీకు చెప్తే మీ బావ చెవిన వెయ్యవు కదా?"

"నేనా? చచ్చినా చెప్పను. నా అంతట నేను చెప్పను."

"అది మోగితేనే ఆయన మౌత్ ఆర్గాన్ ఊదుతారురా. ఎవరికీ వినపడదని ఆయన ధైర్యం. మొత్తం వినపడుతుంది. నేనూ అమ్మా టీ గ్లాసులు పట్టుకుని తలుపు పక్కనే కూర్చుంటాం. నాలుగేళ్ళుగా ఒకటే పాట. మధ్యలో ఒక మలుపుంది, రోజూ అక్కడే తప్పుతారు. ఇవాళ దాటుతారా దాటరా అని అమ్మ ఊపిరి బిగబట్టి వింటుంది. దాటలేదని తెలిశాక లేచి ఎవరి పనికి వాళ్ళం పోతాం."

"నాలుగేళ్ళా?"

"మరేం చెయ్యను? పెళ్ళయిన కొత్తలో ఒకసారి నా ముందు ఊదారు. నేను పకపకా నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది. మళ్ళీ ఏళ్ళ తరబడి దాన్ని ముట్టుకోలేదు. ఎన్నిసార్లు అడిగినా పోయిందనేవారు. ఒకరోజు లాప్‌టాప్‌ని సోఫా దిండు మీద పెట్టుకుంటే ఫ్యాన్ హోరెత్తింది. ఆ హోరులో మెల్లిగా పాట మొదలైంది. ఆ పూట నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను, తెలుసా? అందుకే చెప్తున్నా, ఆ మోత ఎలాగైనా మళ్ళీ పెట్టు."

"పెడతానక్కా. ఇంకో దారుంది, పెడతా. కానీ ఆ దిండు మాత్రం బావని తీసెయ్యమను. ఫ్యాన్‌ని చంపింది అదే. సరిగ్గా లాప్‌టాప్ కొలతకి అలాంటి దిండు ఏ మహానుభావుడు చేశాడో గాని..."

"ఏ మహానుభావుడేంట్రా? సోఫా దిండు పెద్దదై జారిపోతోందని, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు లాప్‌టాప్‌ని టేపు పెట్టి కొలిచి, ఆ దిండు కుట్టి టేబుల్ మీద పెట్టింది ఎవరనుకున్నావు?"